పట్టణపు కౌలుదారులు

సంక్రాంతి పండుగ ముగిసిన మఱునాడు గద్వాల బస్సు నిలయమున ఒక గంట నిలిచి చూచినవారికి మన మూడు జిల్లాల నేటి స్థితి వేఱొకరు చెప్పనక్కఱ లేకయే తెలియగలదు. హైదరాబాదు పోవు బస్సుల కెక్కువారు రెండు తెగలుగా నుందురు. వీపున ల్యాప్‌టాపు సంచి, చేత తల్లి కట్టియిచ్చిన జొన్నరొట్టెల మూట, పచ్చడి డబ్బా గల యువతీయువకులు ఒక తెగ. గోనెసంచిలో వంటపాత్రలు, చంకన బిడ్డ, చేత పారయు గంపయు గల ఆలుమగలు రెండవ తెగ. మొదటివారు పనిచేయు మేడలను కట్టువారు రెండవవారు. చదువునందును, వేషమునందును, సంపాదనయందును వీరికి సామ్యము లేదు. కాని ఒక్క విషయమున ఉభయులును సమానులే. దిగబోవు నగరమున తమది యని చెప్పుకొనదగిన కప్పు వీరిలో పెక్కుమందికి లేదు.

ఇంటి కిరాయి పెరిగినదని పట్టణములలో గొణుగనివారు లేరు. కాని కిరాయికుండువాడు న్యాయస్థానము నెదుట ఎవడు, అతనికి శాసన మిచ్చిన రక్షణ యెంత యని విచారించువారు మిక్కిలి తక్కువ. ఈ పత్రికను చదువు భూవసతి గల పెద్దలకు కౌలనగా నేమో ఒకరు నేర్పవలసిన పనిలేదు. పొలమును కౌలున కిచ్చుట, పుచ్చుకొనుట, కౌలుదారుడు పాతుకొనిపోవునేమో యని వెఱచుట, అతనిని తొలగింపబోగా శాసన మడ్డుపడుట, ఇవన్నియు వారి యనుభవములోనివే. ఆ యనుభవము నాధారముగ గొని మేము నేడొక మాట మనవి చేయదలచితిమి. పొలము దున్నువానిని మన శాసనము ఎన్నడో గుర్తించినది. గదిలో కాపురముండువానిని నేటికిని సరిగా గుర్తింపలేదు. మన బిడ్డలలో దున్నువారు తగ్గి, గదులలో నుండువారు పెరిగిన యీ కాలమున ఈ లోపము పరుల లోపము గాదు, మన యింటి లోపమే.

గుట్టలలో లేచిన నగరము

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయీగారు మాదాపురమున సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించిరి. ఆనాటికి ఆ చుట్టుపట్ల బండరాళ్లును, పల్లెలును, దుర్గము చెఱువును తప్ప నగరలక్షణము లంతగా లేవు. 1974లో స్థాపింపబడి పిదప గచ్చిబౌలికి తరలివచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయము నగరమునకు దూరముగా ఒంటరిగా నుండెడిది. సైబర్ టవర్సు పుట్టిన యేటనే అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థయు అచ్చట వెలసెను. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ యేర్పడెను. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలిసిపోయెను. 2019లో మెట్రో రైలు మార్చి మాసమున హైటెక్ సిటీవఱకును, నవంబరు మాసమున రాయదుర్గమువఱకును సాగెను. మఱుసటి సంవత్సరము దుర్గము చెఱువుపై తీగల వంతెన తెఱవబడెను. కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మణికొండ మున్నగు గ్రామములకు పేర్లు మాత్రము మిగిలినవి, గ్రామములు మిగులలేదు.

ఈ నగర మెవ్వరి చేతులతో లేచినది? అనేక రాష్ట్రముల శ్రామికులు అందు చెమటోడ్చిరి. వారిలో మనవారి పాలు చిన్నది గాదు. పాలమూరు కూలి యను మాట దేశమునం దానకట్టలు కట్టించువారి కందఱకును తెలిసిన మాట. కృష్ణా తుంగభద్రలు మన పొలిమేరల నొరసికొని పాఱుచుండగా, మన పొలములు ఆకాశమువైపు చూచుచుండెడివి. కఱవు వచ్చిన యేట గుంపుమేస్త్రీ యూరిలోనికి వచ్చి, కుటుంబమునకు కొంత పైకము ముందుగా చేతబెట్టి, తొమ్మిదిపది నెలలు దేశాంతరమునకు తరలించుకొని పోవుట తరతరములుగా సాగిన యాచారము. ముందు పుచ్చుకొన్న సొమ్ము తీరువఱకు మనిషి తనవాడు గాడు. నాగార్జునసాగరమువంటి మహానిర్మాణములు వీరి రెక్కల కష్టము నెఱిగినవి. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల మున్నగు పథకములచే కొన్ని మండలములకు నీరు వచ్చిన మాట నిజము. ఐనను ఆనకట్టల పని తగ్గినపిదప ఆ చేతులకు మహానగరపు మేడలు పని చూపినవి.

ఇక చదువు మాట. 2011 జనాభా లెక్కలలో నాటి మహబూబ్‌నగరము జిల్లాయందు అక్షరాస్యులు నూటికి 55 మంది. ఉమ్మడి రాష్ట్రమున అన్నింటికంటె వెనుకబడిన జిల్లా అదియే. 2016 అక్టోబరు 11వ తేదీన ఆ జిల్లా విభజింపబడి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేఱు జిల్లాలైనవి. అట్టి నేలనుండి ఇంజనీరింగు పట్టముతో బయలుదేఱు ప్రతి బాలుని వెనుకను, ప్రతి బాలిక వెనుకను, అమ్ముకొన్న యొక యెకరమో, కుదువబెట్టిన యొక పుస్తెలతాడో ఉండుట మన మెఱుగుదుము. ఆ పట్టము మన పట్టణములలో అన్నము పెట్టదు. అందుచే అమీర్‌పేటలో నాలుగు నెలలు శిక్షణ, ఆ పిదప మాదాపురములో ఉద్యోగము. ఈ రెంటికిని నడుమ ఒక మంచము కావలెను.

మూడు విధములైన నివాసములు

ఆ మంచము నెట్లు సంపాదింతురో చూడుడు. సన్నని సందులలో, యాబది అఱువది గజముల స్థలములపై నైదాఱంతస్తులు లేచిన యిండ్లకు హాస్టళ్లని పేరు. ఒక్కొక్క గదిలో ముగ్గురు, నలుగురు, ఒక్కొక్కచోట ఐదుగురు. గోడకు కొట్టిన మేకులే బీరువాలు. వనపర్తి ప్రాంతమునుండి వచ్చిన యొక యువకుడు మాకు తన గదిని చూపుచు, "ఇది గది గాదు సార్, మంచానికి కిరాయి" అనెను. అతడు నెలకు ఏడువేల రూపాయలు చెల్లించును. రసీదు లేదు, పత్రము లేదు. వచ్చిననాడు పుచ్చుకొన్న అడ్వాన్సులో వెళ్లునాడు ఎంత తిరిగి వచ్చునో నిర్వాహకుని దయ. భోజనము బాగులేదని యొక్కనాడు గట్టిగా అడిగినందున, ఎల్లుండికి ఖాళీ చేయుమని తనకు చెప్పిరట. చేసెను. అడుగుట కతనికి ఆధారమేమున్నది?

ఇట్టి కట్టడముల భద్రత మఱియొక కథ. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగరమున పక్క స్థలములో పునాదులకై గుంత త్రవ్వగా, చిన్న స్థలముపై నిలిచిన నాలుగంతస్తుల యిల్లు ఒక ప్రక్కకు ఒరిగెను. లోనివారు రాత్రికి రాత్రి పరుగెత్తి ప్రాణములు దక్కించుకొనిరి. పిదప దానిని కూల్చివేసిరి. ఒరిగిన యిల్లు ఒక్కటే గావచ్చును. అట్టి యిరుకున నిద్రించువారు ఒక్కరు గారు.

పెండ్లియైనవారు అపార్టుమెంటు వెదకుదురు. ఇక్కడి మర్యాదలు వేఱు. రెండు నెలల కిరాయి అడ్వాన్సు, పదునొకండు నెలల పత్రము, ఏటేట నూటికి పది చొప్పున హెచ్చు, మెయింటెనెన్సు వేఱు. ఖాళీ చేయునాడు రంగులకని ఒక నెల కిరాయి కోత. గోడమీద మచ్చయున్నను కోతయే, లేకున్నను కోతయే. ఇదంతయు ధనమునకు సంబంధించినది, సహింపవచ్చును. సహింపరానిది వేఱొకటి కలదు. కుమార్తెకు ఇల్లు చూచుటకై గద్వాలనుండి వచ్చిన తల్లి నొక యింటి యజమానురాలు అడిగిన ప్రశ్నలను మేము విన్నాము.

"మీదేవూరమ్మా?"

"గద్వాల దిక్కమ్మా."

"ఊరు సరే, మీరెవరని అడుగుతున్న."

తల్లి చెప్పినది. ఇల్లు ఇంతకుముందే ఇంకొకరికి మాట యిచ్చితిమని ఆమె యనెను. టు-లెట్ బోర్డు మాత్రము మఱుసటి వారమువఱకు గేటున వ్రేలాడుచునే యుండెను. కులము నడుగుట, మతము నడుగుట, మాంసము తిందురా యని అడుగుట, పెండ్లికానివారని తలుపు మూయుట, ఇవి వేలకోట్ల వ్యాపారము సాగు ఆ నగరమునందు నేటికిని నిత్యకృత్యములు. మన యూరి వాడల హద్దులు లిఫ్టులెక్కి పదవ యంతస్తునకు పోయినవి.

మూడవ నివాసము కూలివాని రేకుల గది. మేడ కట్టుచున్న స్థలముప్రక్కనో, ప్రభుత్వపు ఖాళీనేలలోనో తగరపు రేకుల వరుసలు వేయుదురు. వేసవిలో పగలు అందుండరాదు. వానకాలమున రాత్రి అందుండరాదు. మేడ పూర్తియైనపిదప వారిలో ఏ యొకరో ఇద్దఱో కావలివారుగా మిగిలి, సెల్లారులోని చిన్నగదిలో కాపురము పెట్టుదురు. దానికి కిరాయి లేదు. కాని భార్య నాలుగిండ్ల పని చేయవలెను, భర్త ఇరువదినాలుగు గంటలు పిలుపునకు పలుకవలెను. పని పోయిననాడే గదియు పోవును. 1996లో పార్లమెంటు చేసిన భవననిర్మాణ కార్మికుల శాసనము, యజమాని పనిస్థలమున గాని సమీపమున గాని ఉచితముగా తాత్కాలిక వసతిని, వేఱుగా వంటకును స్నానమునకును మరుగునకును చోటును ఏర్పఱుపవలెనని విధించెను. ఆ శాసనము 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన కొత్త శ్రామిక స్మృతులలో కలిసిపోయినది. ముప్పదియేండ్లు నిలిచిన విధి రేకుల గదిని ఎంతవఱకు మార్చినదో ఆ రేకులే సాక్ష్యము.

శాసనము ఎంతవఱకు పోయినది

శాసనము లేదని మేము చెప్పుట లేదు. హైదరాబాదు రాష్ట్రమే 1954లో ఇండ్ల కిరాయి నియంత్రణ శాసనమును చేసెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపిదప 1960లో భవనముల కౌలు, కిరాయి, ఖాళీచేయింపు నియంత్రణ శాసనము వచ్చెను. తెలంగాణమునకు సంక్రమించినది అదియే. తగిన కిరాయిని నిర్ణయించుటకు అధికారి కలడు. చెప్పబడిన కారణములు తప్ప వేఱు కారణమున ఖాళీ చేయింపరాదు. నీరు, దీపము మున్నగు సౌకర్యములను కోసివేయరాదు. ఇంత చక్కని శాసనము కొండాపురములోని మన బాలుని కేల యుపయోగపడదు? 2005 నాటి సవరణ ప్రకారము నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన కిరాయి గల కట్టడములకును, ఇతర స్థలములలో 2,000 రూపాయలు మించినవానికిని ఈ శాసనము వర్తింపదు. మాదాపురములో నేడు 3,500 రూపాయలకు సగము మంచమైనను దొరకదు. గొడుగు ఉన్నది, కాని దాని క్రింద నిలుచుటకు మనుష్యులు లేరు.

ఆ గొడుగు వెలుపల నున్నవారికి మిగిలినవి రెండు పాత శాసనములు. 1882 నాటి ఆస్తి బదిలీ శాసనము ప్రకారము, వేఱు ఒప్పందము లేనిచో, నెలవారీ కిరాయిదారుని పదునైదు దినముల నోటీసుతో తొలగింపవచ్చును. 1908 నాటి రిజిస్ట్రేషను శాసనము తన మూలరూపమున ఏడాదికి తక్కువ గడువు గల కౌలును తప్పక రిజిస్టరు చేయవలెనని కోరలేదు. పదునొకండు నెలల పత్రమునకు పుట్టుక యిదియే. నెలల సంఖ్య శాస్త్రము చూచి పెట్టినది గాదు, రిజిస్ట్రారు గడప తొక్కకుండుటకు పెట్టినది. ఇక హాస్టలులో మంచమునకు చెల్లించువాడు న్యాయశాస్త్ర దృష్టిలో సామాన్యముగా కౌలుదారుడే గాడు. అనుమతిపై నుండువాడు మాత్రమే. అనుమతి ఇచ్చినవాడు తీసికొనవచ్చును. చిత్రమేమన, పన్నుల శాఖ ఇతనిని బాగుగ నెఱుగును. 2024 జూనులో వస్తుసేవల పన్ను మండలి, నెలకు 20,000 రూపాయలు మించక, తొంబది దినములకు తక్కువగాక యుండు ఇట్టి వసతిని పన్నునుండి మినహాయింప నిశ్చయించెను. పన్ను విషయమున గుర్తుకు వచ్చిన మనిషి హక్కు విషయమున గుర్తుకు రాకుండుట న్యాయమా?

కుల వివక్ష విషయమునను ఇట్లే యున్నది. రాజ్యాంగమునందలి 15వ అధికరణము దుకాణములను, హోటళ్లను, బావులను, చెఱువులను పేర్కొన్నది. కిరాయి యింటిని పేర్కొనలేదు. ఐనను 1955 నాటి పౌరహక్కుల రక్షణ శాసనము, అస్పృశ్యతా కారణమున ఏ వాడలోనైనను నివాసగృహమున కాపురముండుటకు అడ్డుపడుట నేరమని స్పష్టముగా చెప్పినది. ఇల్లు వెదకుకొనువాడు ఇది యెఱుగడు. ఎఱిగినను, "ఇంకొకరికి మాట యిచ్చితిమి" అను నాలుగు మాటల నెదుట రుజువు తేలేడు.

ఇప్పుడు పొలమునకు వత్తము. నిజాము ప్రభుత్వకాలముననే 1354 ఫసలీలో అసామీ షిక్మీల శాసనము వచ్చెను. 1950లో హైదరాబాదు కౌలు, వ్యవసాయభూముల శాసనము 'రక్షిత కౌలుదారు' అను మాటను పుట్టించెను. ఆ మాట యెందఱకు పూర్ణఫల మిచ్చెనో, ఎందఱకు కాగితముననే నిలిచెనో మన గ్రామము లెఱుగును. ఐనను శాసనము ఒక మనిషికి పేరు పెట్టుట చిన్న విషయము గాదు. పేరు లేనివాడు తహసీలుదారు నెదుట నిలువలేడు. నేడు మన మూడు జిల్లాల తల్లిదండ్రులు ధాన్యము అమ్మి పంపిన సొమ్ము నెలనెలా మహానగరపు కిరాయిలోనికి పోవుచున్నది. ఆ సొమ్ము చెల్లించువానికి పేరు లేదు.

కఠినపరీక్ష

పేరు లేనివాని గతి యేమగునో 2020లో మన కన్నులార చూచితిమి. మార్చి నెలాఖరున దేశమెల్ల మూతపడగా, హైదరాబాదులోని హాస్టళ్లు పెక్కు తమయందున్నవారిని వెళ్లిపొమ్మనెను. పిల్లలు పెట్టెలతో పోలీసు స్టేషన్లయొద్ద పాసులకై వరుసలు గట్టిరి. పాసులతో బయలుదేఱిన కొందఱు రాష్ట్రపు టెల్లలయొద్ద ఆగిపోయిరి. మార్చి 29వ తేదీన కేంద్ర ప్రభుత్వము, శ్రామికులనుండి నెల దినముల కిరాయి అడుగరాదనియు, వారిని ఖాళీ చేయింపరాదనియు ఉత్తరువిచ్చెను. మంచి యుత్తరువే. కాని పత్రము లేనివాడు, రసీదు లేనివాడు తాను కిరాయిదారుడనని దేనిచే చూపగలడు? వలసకూలీలను స్వస్థలములకు చేర్చిన మొదటి ప్రత్యేక రైలు మే 1వ తేదీన హటియాకు బయలుదేఱినది ఈ సాంకేతిక నగరము ప్రక్కనున్న లింగంపల్లి స్టేషనునుండియే. మేడలు కట్టినవారు పోవుచుండగా మేడలు అట్లే నిలిచియుండెను. మనవారు రైలునకు కాచుకొనక నడచి, లారీలెక్కి ఊళ్లు చేరిరి. గ్రామమున తాత కట్టిన మట్టి యిల్లు ఉండుటచే వారికి దిక్కు దొరకినది.

పూర్వులు చేసిన పని

నగరమున వసతి లేక మన పిల్లలు కష్టపడుట కొత్త గాదు. నూఱేండ్లకు పూర్వము తెలుగు పల్లెలనుండి చదువునకై హైదరాబాదు చేరు బాలునకు తలదాచుకొన చోటు దుర్లభము. వనపర్తి సంస్థానమునందలి రాయణిపేటలో 1869లో పుట్టి, పిదప నగర కొత్వాలైన రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలును స్థాపించిరి. గద్వాల సంస్థానపు బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డిగారు కొంతకాల మందు పర్యవేక్షకులుగ నుండిరి. ఆయనయే 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. ఆ హాస్టలు కేవలము మంచముల శాల గాదు. పుస్తకములు, నియమము, పెద్దల కన్ను అందుండెను. ఒక తరము అందుండి లేచినది. 1908 నాటి మూసీ వఱద తరువాత, 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి, ఇరుకు వాడలను తొలగించి పేదలకు ఇండ్లు కట్టించెను. అనగా వసతి ప్రభుత్వము పట్టించుకొనదగిన విషయమని ఈ నగరమునకు నూఱేండ్లకు పూర్వమే తెలియును. 1918లో దాతలు చేసినది, 1912లో ప్రభుత్వము చేసినది, ధనరాసులు దొర్లుచున్న నేడు ఉభయులును చేయలేరా?

చేయదగినది

యజమాని పక్షము వినకుండ తీర్పు చెప్పుట ధర్మము గాదు. బ్యాంకు ఋణముతో ఇల్లు కొని, కిరాయితో వాయిదా కట్టుకొను ఉద్యోగి యున్నాడు. పింఛను లేక పైయంతస్తు కిరాయితో మందులు కొనుకొను వృద్ధురాలున్నది. కిరాయి ఎగవేసి, ఇల్లు విడువక కోర్టులో ఏండ్లు గడపు కిరాయిదారుడును ఉన్నాడు. అతని వలన కలిగిన భయమే అడ్వాన్సుగా, అనుమానముగా మంచివానిపై పడుచున్నది. కాబట్టి ఉభయులకును మేలు చేయు మార్గమును వెదకవలెను. 2021 జూన్ 2వ తేదీన కేంద్ర మంత్రివర్గ మామోదించిన నమూనా కౌలు శాసనము ఆ మార్గమును చూపుచున్నది. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిదే కిరాయికీయరాదు. ఆ ఒప్పందమును అధికారికి తెలుపవలెను. నివాసగృహమునకు రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్సు గూడదు. ముందుగా తెలుపక యజమాని యింటిలోనికి రాగూడదు. నీరు, కరెంటు ఆపగూడదు. అట్లే గడువు తీరినను కదలని కిరాయిదారుడు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు చెల్లించవలెను. తగవులకు వేఱుగా న్యాయస్థానములు, వానికి గడువులు. ఇది నమూనా మాత్రమే. రాష్ట్ర శాసనసభ తన శాసనముగ చేసికొన్ననాడే దానికి ప్రాణము వచ్చును.

మా ప్రార్థనలు కొన్ని. మొదటిది, ఆ నమూనాను మన పరిస్థితులకు తగినట్లు దిద్ది, హాస్టలు మంచమునకును వర్తించునట్లు చేయవలెను. రెండవది, ఒప్పంద పత్రము తెలుగులో, ఒక్క పుటలో, ఎవ్వరైనను చదువుకొనునట్లు ముద్రింపబడి మీసేవా కేంద్రములలో దొరకవలెను. మూడవది, హాస్టలుగా వాడబడు ప్రతి కట్టడమునకు అగ్నిప్రమాద భద్రత, మెట్లు, మరుగుదొడ్లు పరీక్షింపబడి, ఎందఱుండవచ్చునో గేటున వ్రాయబడవలెను. నాలుగవది, 2020లో కేంద్ర మారంభించిన చవుక కిరాయి గృహముల పథకమువంటివానిని కాగితమున నుంచక, మెట్రో స్టేషన్ల సమీపమున శ్రామికులకును, ఉద్యోగినులకును కట్టింపవలెను. అయిదవది, పని కొంతైనను మన దిక్కునకే రావలెను. 2023లో మహబూబ్‌నగరము చెంత దివిటిపల్లిలో ఒక సాంకేతిక భవనము ప్రారంభింపబడెను. అట్టివి సంస్థలతో నిండి, వనపర్తికిని గద్వాలకును నాగర్‌కర్నూలునకును వ్యాపించిననాడు జొన్నరొట్టెల మూట బస్సెక్కవలసిన యవసరము కొంత తగ్గును.

తుదకు మా పాఠకులతో ఒక మాట, మనసు నొచ్చినను చెప్పక తప్పదు. మన జిల్లాలలోని భూవసతి గలవారు కొందఱు ఇరువది యేండ్లుగా పొలము లమ్మి, కూకట్‌పల్లిలోనో మియాపురములోనో ఫ్లాట్లు కొనిరి. అది తప్పు గాదు. కాని వారి ఫ్లాటులో ఇంకొక యూరి బిడ్డ కిరాయికుండును. వారి కుమారుడు ఇంకొకరి ఫ్లాటులో కిరాయికుండును. కుమారుడు ఫోనులో, "అడ్వాన్సు కోసుకున్నరు నాయనా, రంగులకంట" అన్ననాడు తండ్రికి కోపము వచ్చును. ఆ తండ్రియే తన కిరాయిదారునితో నెట్లు నడుచుకొన్నాడో ఆ సాయంకాలము జ్ఞప్తికి తెచ్చుకొనునా? శాసనము వచ్చుటకు ఏండ్లు పట్టవచ్చును. కాగితము వ్రాసి యిచ్చుటకు, పుచ్చుకొన్న సొమ్మునకు రసీదిచ్చుటకు, కులమడుగక తాళము చేతి కిచ్చుటకు, మచ్చలేని గోడకు రంగుల సొమ్ము కోయకుండుటకు ఏ శాసనసభయు కూర్చుండనక్కఱ లేదు.

పొలమునందు కౌలుదారునకు హక్కు రాకుండుటకై మనలో కొందఱు పట్టిన పట్టుదల గ్రామములకు తెచ్చిన కలతను మనము మఱువలేదు. అదే తప్పును పట్టణమున చేయకుందుము. వచ్చు నెల ఒకటవ తేదీన కిరాయి పుచ్చుకొనునపుడు, ఒక తెల్లకాగితముమీద తేదీయు మొత్తమును వ్రాసి, సంతకము చేసి కిరాయిదారుని చేతి కిండు. మీ కుమారుడు వేఱొకరి గడపలో కోరుకొనునది అదే.